రోటావేటర్ గేర్‌బాక్స్ పోయిందా? బాగుచేయించాలా, కొత్తది వేయించాలా?

ట్రాక్టర్ పనిముట్ల మీద మనం చేస్తున్న ఎపిసోడ్లలో ఈసారి రోటావేటర్ గేర్‌బాక్స్ గురించి మాట్లాడుకుందాం.

కాలువకు నీళ్లు వదిలారు. నారు ముదురుతోంది. దమ్ముకు వరసగా నలుగురు రైతులకు మాటిచ్చి ఉన్నారు. సరిగ్గా అప్పుడే రోటావేటర్‌లోంచి టకటకా చప్పుడు మొదలవుతుంది. లేదంటే పీటీఓ తిరుగుతూనే ఉంటుంది, కత్తులు మాత్రం ఆగిపోతాయి. ఆ హడావిడిలో రెండే మాటలు వినిపిస్తాయి. మెకానిక్ "విప్పి చూద్దాం" అంటాడు, షాపులో "కొత్త గేర్‌బాక్స్ వేసేయండి" అంటారు. ఏది సరైనదో ఆ తొందరలో తేల్చుకోలేక చాలామంది డబ్బు రెండుసార్లు పెడతారు.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. గేర్ విరిగేది గేర్‌బాక్స్‌లోనే, కానీ చాలాసార్లు జబ్బు మొదలయ్యేది దాని బయట. ఆయిల్ సీల్ దగ్గరో, పీటీఓ షాఫ్ట్ పొడవు దగ్గరో, కత్తుల దగ్గరో మొదలవుతుంది. ఆ కారణం పట్టుకోకుండా బాగుచేయించినా, కొత్తది వేయించినా, అది కూడా అదే దారిన పోతుంది.

లోపల ఏముంటుంది

ట్రాక్టర్ వెనక పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. ఆ తిప్పుడు పీటీఓ షాఫ్ట్ ద్వారా, అదే మనవాళ్లు కార్డాన్ షాఫ్ట్ అనేది, రోటావేటర్ నడుమ ఉన్న గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. లోపల చిన్న గేరు పినియన్, పెద్ద గేరు క్రౌన్. ఈ రెండూ కలిసి ముందు నుంచి వెనక్కి వచ్చే తిప్పుడును పక్కకు మళ్లిస్తాయి, వేగాన్ని తగ్గిస్తాయి. అక్కడి నుంచి ఒక షాఫ్ట్ పక్కకు వెళ్తుంది. ఆ చివర సైడ్ గేర్లు గానీ చైను గానీ ఉంటాయి. అవి కింద రోటర్‌ను తిప్పుతాయి. రోటర్ మీద ఎల్ ఆకారం కత్తులు.

మల్టీ స్పీడ్ రకంలో గేర్‌బాక్స్ వెనక మూత తీస్తే ఇంకో జత గేర్లు కనిపిస్తాయి. వాటిని అటూ ఇటూ మార్చి రోటర్ వేగం మార్చుకోవచ్చు. లెక్క తేలికే. ఉదాహరణకు క్రౌన్ పినియన్ దాటాక వేగం 270 ఉందనుకోండి. వెనక జతలో 16 పళ్ల గేరు 18 పళ్ల గేరును తిప్పితే 240 వస్తుంది. రెండూ తారుమారు చేస్తే దాదాపు 304 వస్తుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, కొత్త గేర్లు కొనేటప్పుడు పనికొస్తుంది.

ఇక ఆ గేర్ల మీద పడే బలం ఎంతో చూడండి. పీటీఓ దగ్గర 40 హెచ్‌పీ పూర్తిగా వాడుతుంటే, షాఫ్ట్‌ను మెలితిప్పే బలం సుమారు 530 న్యూటన్ మీటర్లు. మన భాషలో చెప్పాలంటే, ఒక మీటరు పొడవు రాడ్డు చివర డీఏపీ బస్తా కన్నా కాస్త ఎక్కువ బరువు వేలాడదీసి ఆ షాఫ్ట్‌ను తిప్పుతున్నట్టు. ఇది మామూలుగా నడిచేటప్పుడు. కత్తి రాయికో మొద్దుకో తగిలిన క్షణంలో ఇంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఆ దెబ్బంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది.

విప్పక ముందే తెలుసుకోవాల్సింది

ముందు జాగ్రత్త చెబుతాను, దాటవేయకండి. ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. రోటావేటర్ పైకి లేపి కింద పని చేయాల్సి వస్తే హైడ్రాలిక్‌ను నమ్మొద్దు. కింద దిమ్మలో, స్టాండ్లో పెట్టాలి. తిరిగే షాఫ్ట్ దగ్గరకు లుంగీ, తువ్వాలు, వదులు చొక్కాతో వెళ్లొద్దు. సెకనుకు 9 చుట్లు అన్నాను కదా, గుడ్డ అంచు చిక్కితే వెనక్కి లాక్కునే టైము ఉండదు.

మొదటి పరీక్ష చప్పుడు. ఆగకుండా గీ అని ఏడుస్తుంటే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోండి, లేదా గేర్లు మరీ బిగుతుగా కూర్చున్నాయి. చుట్టుకు ఒకసారి లెక్కగా టక్, టక్ అంటే పన్ను విరిగిందో చిట్లిందో. పైకి లేపినప్పుడు మాత్రమే గడగడ అంటే గేర్‌బాక్స్‌ను తిట్టకండి, ముందు పీటీఓ షాఫ్ట్ క్రాసులు చూడండి.

రెండోది చేతి పరీక్ష. పీటీఓ షాఫ్ట్ ఊడదీసి, గేర్‌బాక్స్ ముందున్న షాఫ్ట్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందకీ కదిపి చూడండి. లోపలికీ బయటికీ ఆడుతుంటే పినియన్ బేరింగులు అరిగాయి. తర్వాత అదే షాఫ్ట్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. పళ్ల మధ్య చిన్న ఆట ఉండాలి, టిక్ అని తగిలేంత. అది బాగా పెరిగితే పళ్లో, బేరింగులో అరిగినట్టు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఆయిల్ పరీక్ష. డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్‌ను శుభ్రమైన తెల్ల డబ్బాలోకి పట్టండి. అది రక్త పరీక్ష లాంటిది.

పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. దమ్ము చేసే బళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. బురద గసితో బూడిద రంగులో ఉంటే సీలు పూర్తిగా పోయింది. నల్లగా, మాడు వాసనతో ఉంటే ఆయిల్ తక్కువై వేడెక్కింది. సన్నటి మెరుపు పొడి కొత్త బండిలో మొదటిసారి కనిపిస్తే భయపడక్కర్లేదు. పాత బండిలో కనిపిస్తే మాత్రం బేరింగో, గేరో తినేస్తోంది. ఇక అయస్కాంతానికి అంటుకునే ముక్కలు వస్తే అది పన్ను ముక్కో, బేరింగ్ ముక్కో. ఆ తర్వాత ఒక్క ఎకరం కూడా నడపొద్దు. ఆ ముక్క రెండు గేర్ల మధ్య పడితే, పన్నుతో పోయేది కాస్తా గేర్‌బాక్స్ డొక్కు పగిలేదాకా వెళ్తుంది.

అసలు దోషి ఎవరు

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం.

మొదటిది సీళ్లు. గడ్డి, ప్లాస్టిక్ దారాలు, పాత డ్రిప్పు పైపు ముక్కలు రోటర్ చివర్ల చుట్టుకుంటాయి. అవి బిగుసుకుని సీలును కోసేస్తాయి. ఆ చీలికలోంచి బురద నీళ్లు సైడు గేర్లలోకి వెళ్తాయి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు కత్తితో ఆ చుట్టుకున్నది తీసేయడం కన్నా చవకైన రిపేరు లేదు. ఇంకోటి, గేర్‌బాక్స్ పైన గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే లోపలి వేడికి ఒత్తిడి పెరిగి, బాగున్న సీలులోంచి కూడా ఆయిల్ బయటికి నెడుతుంది. సీలు మార్చిన రెండు రోజులకే మళ్లీ కారుతోందంటే ముందు బ్రీదర్ చూడండి.

రెండోది పీటీఓ షాఫ్ట్ పొడవు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ షాఫ్ట్ ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు. రోటావేటర్ పైకీ కిందకీ కదిలేటప్పుడు పొడవు మారుతుంది. షాఫ్ట్ మరీ పొడుగైతే ఒక దశలో గొట్టాలు అడుగు తగిలి, ఇక జారడానికి చోటు ఉండదు. అప్పుడు ఆ నెట్టుడంతా ఒక పక్క ట్రాక్టర్ పీటీఓ బేరింగ్ మీద, ఇంకో పక్క పినియన్ బేరింగ్ మీద పడుతుంది. ట్రాక్టర్ మార్చినప్పుడు ఇది తప్పనిసరిగా చూసుకోవాలి, ఎందుకంటే పాత ట్రాక్టర్‌కు సరిపోయిన షాఫ్ట్ కొత్త ట్రాక్టర్‌కు సరిపోకపోవచ్చు. అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోట కూడా కనీసం ఒక అంగుళం ఖాళీ మిగలాలి. అన్నిటికన్నా దూరంగా వెళ్లే చోట గొట్టాలు ఒకదాంట్లో ఒకటి మూడో వంతు అయినా కలిసి ఉండాలి. కోయాల్సి వస్తే రెండు గొట్టాలనూ, పైన ప్లాస్టిక్ గార్డులనూ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు పెట్టి కలపండి. కలిపేటప్పుడు రెండు చివర్ల లోపలి యోకులు ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే ప్రతి చుట్టుకూ షాఫ్ట్ వణుకుతుంది.

మూడోది, గట్టు దగ్గర మలుపు తిరిగేటప్పుడు పీటీఓ ఆపకుండా రోటావేటర్‌ను పూర్తిగా పైకి లేపడం. క్రాసులు బాగా వంగిన స్థితిలో తిరిగితే తిప్పుడు సమంగా ఉండదు, కుదుపులు కుదుపులుగా గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది.

నాలుగోది కత్తులు. రోటర్ మీద కత్తులు మెలిక వరసలో ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకేటట్టు. అరిగినవి తీసి కొత్తవి వేసేటప్పుడు ఆ వరస తప్పితే నాలుగైదు కత్తులు ఒకేసారి నేలను కొడతాయి. కత్తులు కొన్ని ఊడిపోయి కొన్ని ఉన్నా ఇదే తీరు. చూడ్డానికి దున్నుతూనే ఉంటుంది, లోపల గేరు దెబ్బలు తింటూ ఉంటుంది.

ఐదోది షియర్ బోల్ట్. కొన్ని పీటీఓ షాఫ్టులకు ఇది ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు తాను తెగిపోయి గేర్‌బాక్స్‌ను కాపాడటమే దాని పని. మాటిమాటికీ తెగుతోందని కొందరు గట్టి బోల్టు బిగిస్తారు, ఇంకొందరు రాడ్డు ముక్క కొట్టేస్తారు. అప్పుడు బోల్టుకు బదులు గేరు పన్ను తెగుతుంది.

ఇంకొక్క మాట. ఆయిల్ కారిపోతోందని గేర్‌బాక్స్ నిండా మామూలు గ్రీజు కూరేవాళ్లు ఉన్నారు. గేరు తిరగగానే గ్రీజు పక్కకు తోసుకుపోతుంది, మధ్యలో దారి పడుతుంది, పై బేరింగులకు అందదు. కంపెనీ పుస్తకంలో పలుచటి గ్రీజు వాడమని రాసి ఉంటే తప్ప ఆ పని చేయొద్దు.

బాగుచేయించాలా, మార్చాలా

విప్పించి, డీజిల్‌తో కడిగించి, అన్నీ ఒక గుడ్డ మీద పరిచాక మూడు వస్తువులు చూడండి. డొక్కు, క్రౌన్ పినియన్, షాఫ్టులు.

బేరింగులు, సీళ్లు మాత్రమే పోయి ఈ మూడూ బాగుంటే కళ్లు మూసుకుని బాగుచేయించండి. కొత్త గేర్‌బాక్స్ మాట ఎత్తక్కర్లేదు.

క్రౌన్ పినియన్‌లో ఒక పన్ను విరిగినా, పళ్ల మీద గుంటలు పడి పొరలు లేచినా, వేడికి నీలం రంగు తిరిగినా, రెండు గేర్లూ కలిపి జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే రెండూ సరిగ్గా కూర్చోవు. కొత్తది కూడా తొందరగా పోతుంది. విరిగిన పన్నును వెల్డింగ్‌తో నింపించే పని అసలు పెట్టుకోవద్దు. గేరు పన్ను పైపొరను వేడి చేసి ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది. ఆ పన్ను ఊడి పక్క గేరును కూడా తీసుకుపోతుంది.

డొక్కు పోత ఇనుముది. బోల్టు చెవి విరిగితే ఒక తీరు, బేరింగ్ కూర్చునే గూడు దగ్గర పగిలితే ఇంకో తీరు. గూడు అరిగి బేరింగ్ చుట్టూ తిరుగుతుంటే మంచి లేత్ పనివాడు బుష్ వేసి సరిచేయగలడు. గూటి మీదుగా పగులు పోతే మాత్రం వెల్డింగ్‌ను నమ్ముకోవద్దు. పోత ఇనుము వెల్డింగ్ చల్లారేటప్పుడు పక్కనే మళ్లీ పగులుతుంది. పైగా గూడు వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేర్లు కుదరవు.

డబ్బు లెక్క ఇలా వేయండి. బేరింగులు, సీళ్లు, గేర్ల జత, షాఫ్ట్, లేత్ పని, కూలి, అన్నీ కాగితం మీద రాయించండి. ఆ మొత్తం కొత్త గేర్‌బాక్స్ ధరలో సగం దాటి, డొక్కు కూడా అనుమానంగా ఉంటే కొత్తదే మేలు. సగం లోపు ఉంటే రిపేరే మేలు. దానికి పక్కనే ఇంకో లెక్క రాయండి. రిపేరుకు ఎన్ని రోజులు, కొత్తది ఎన్ని రోజుల్లో వస్తుంది? దమ్ము రోజుల్లో బండి ఆగిన ఒక్కో రోజుకు మీ కిరాయి ఎంత పోతుందో మీకే తెలుసు. సీజన్ మధ్యలో అయితే ఆ లెక్కే నిర్ణయం మార్చేస్తుంది. వారంటీ ఇంకా ఉంటే మాత్రం, బయట ఎక్కడా విప్పించక ముందే డీలర్‌ను అడగండి.

కొత్తది కొనేటప్పుడు

"అదే కంపెనీ, అదే సైజు" అంటే సరిపోదు. పాతదాన్ని షాపుకు తీసుకెళ్లండి. ముందు షాఫ్ట్ స్ప్లైన్లు లెక్కపెట్టండి. 540 పీటీఓ బళ్లకు మామూలుగా ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాల షాఫ్ట్, 6 స్ప్లైన్లు. బోల్టు రంధ్రాల దూరం, పక్క షాఫ్ట్ పొడవు, హెచ్‌పీ కొలవాలి. పళ్లు లెక్కపెట్టాలి. నిష్పత్తి మారితే రోటర్ వేగం మారుతుంది. నెమ్మదిస్తే గడ్డలు మిగులుతాయి, వేగం పెరిగితే ట్రాక్టర్ మీద భారం, డీజిల్ ఖర్చు పెరుగుతాయి.

ఇక తిరిగే దిశ. క్రౌన్‌ను పినియన్‌కు ఎడమ పక్క బిగిస్తే ఒక వైపు, కుడి పక్క బిగిస్తే వ్యతిరేక వైపు తిరుగుతుంది. మామూలు రోటావేటర్‌లో రోటర్ ట్రాక్టర్ చక్రాలు తిరిగే వైపే తిరగాలి. దిశ తారుమారైతే కత్తి పదును పక్కన పెట్టి వీపుతో నేలను కొడుతుంది. రిపేరులో కూడా ఈ పొరపాటు జరగొచ్చు, కాబట్టి విప్పేటప్పుడే ఫోనులో ఫోటోలు తీసుకోండి.

బేరింగ్ కొనేటప్పుడు దాని మీద చెక్కిన నంబరే చెప్పండి. ఉదాహరణకు 30207. ఇలాంటి నంబర్లలో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి బెజ్జం వస్తుంది. 07 అంటే 35 మిల్లీమీటర్లు. సీలు మీద మూడు అంకెలు ఉంటాయి. 35, 72, 10 అని ఉంటే షాఫ్ట్ మందం, బయటి కొలత, వెడల్పు అన్నమాట. ఇవి తెలిస్తే "ఇది కూడా సరిపోతుంది" అని అంటగట్టడం కుదరదు.

బిగించేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సినవి

మెకానిక్ పని మెకానిక్‌దే. కానీ నాలుగు విషయాలు మీ కళ్లతో చూడండి.

ఒకటి, విప్పినప్పుడు వచ్చిన షిమ్ములు, అంటే ఆ పలుచటి రేకు చుట్లు, ఏ పక్కవి ఆ పక్క విడిగా ఉంచారా? గేర్ల మధ్య ఆట సరిచేసేది అవే. కొత్త జత వేసినప్పుడు నాలుగు పళ్లకు రంగు పూసి తిప్పి చూడాలి. రంగు చెరిగిన గుర్తు పన్ను నడుమ పడాలి. అంచుకో, మొదలుకో పడితే షిమ్ములు మార్చాలి. ఈ పావుగంట పని చేయని రిపేరు రిపేరే కాదు.

రెండు, బేరింగ్‌ను వేడి ఆయిల్‌లో ముంచి ఎక్కిస్తున్నారా, గ్యాస్ మంటతో కాలుస్తున్నారా? సుమారు 100 డిగ్రీల వేడి చాలు. మంట తగిలితే బేరింగ్ గట్టిదనం పోతుంది. బయటి రింగు మీద సుత్తితో కొట్టి లోపలి రింగును ఎక్కించకూడదు.

మూడు, సీలు కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది. షాఫ్ట్‌కు సన్నటి స్లీవ్ వేయించాలి, లేదా వీలుంటే సీలును గాడి మీద పడకుండా కాస్త జరిపి కూర్చోబెట్టాలి. సీలు స్ప్రింగు వైపు ఆయిల్ ఉన్న పక్కకు ఉండాలి.

నాలుగు, ఆయిల్. చాలా రోటావేటర్లకు ఈపీ 90 లేదా ఈపీ 140 గేర్ ఆయిల్ వాడతారు. మీ బండికి ఏదో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. లెవెల్ ప్లగ్ దాకానే పోయండి. ఎక్కువ పోసినా వేడెక్కుతుంది. సైడు గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్ ప్లగ్ ఉంటుంది, అది మర్చిపోవద్దు.

తర్వాత పొలానికి పరుగెత్తకండి. నేలకు తాకకుండా, తక్కువ రేసుతో 20 నిమిషాలు తిప్పండి. ఆపి, తాళం తీసి, గేర్‌బాక్స్ మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చేయి పెట్టలేనంత వేడెక్కితే బేరింగులు బిగుతుగా ఉన్నాయి, మళ్లీ విప్పించండి. పాత గేర్‌బాక్స్‌లో ముక్కలు వచ్చి ఉంటే, రిపేరు తర్వాత కొద్ది గంటలకే ఒకసారి ఆయిల్ మార్చేయండి. కొత్తదైతే మామూలుగా మొదటి 50 గంటలకు మారుస్తారు.

తోటల్లో గడ్డి కోసే స్లాషర్ ఉన్నవాళ్లకూ ఇవన్నీ వర్తిస్తాయి. తేడా ఒక్కటే. అక్కడ షాఫ్ట్ కిందికి దిగుతుంది, కాబట్టి కింది సీలు పోతే ఆయిలంతా గడ్డిలోకి కారిపోతుంది, బయటికి కనిపించదు. వారానికి ఒకసారి లెవెల్ చూడటమే దారి.

రిపేరు అయినా, కొత్తది అయినా, బిల్లు కట్టే ముందు మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఎందుకు పోయింది?" సీలా, షాఫ్ట్ పొడవా, కత్తుల వరసా, బోల్టా? జవాబు వస్తే దాన్ని సరిచేయించి బయల్దేరండి. రాకపోతే ఇంకో గంట అక్కడే కూర్చోండి. ఆ గంట ఒక సీజన్‌ను కాపాడుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పీటీఓ షాఫ్ట్ క్రాసులు ఇంట్లోనే ఎలా మార్చుకోవాలో చూద్దాం. మీ బండికి వచ్చిన ఇబ్బంది కింద రాయండి, ఏ ట్రాక్టర్, ఎన్ని అడుగుల రోటావేటర్, ఏ నేల అనేది కూడా రాస్తే జవాబు చెప్పడం తేలికవుతుంది. ఉంటానండీ, నమస్తే.